ఏడు గింజలు

2024 ఫిబ్రవరి 5

ఆర్డర్ ఖాయమైంది. మూడు వేల బండ్లు. దసరా, దీపావళి సేల్‌కి.

ఎవరికి చెప్పినా దిష్టి తగులుతుందని అమ్మ భయం. అందుకే డైరీకి చెబుతున్నాను. దీనికి కళ్లు లేవు, నోరు లేదు.

పెద్ద కంపెనీ అయ్యాక తీరిగ్గా చదువుకోవాలి కాబట్టి మొదటి నుంచీ రాస్తాను. మా బాపు ఇమాం పాషా. వరంగల్ మండి బజార్‌లో, మా ఇంటి వెనక రేకుల కింద, ముప్ఫై రెండేళ్లుగా ఒకే వస్తువు చేస్తున్నాడు. మూడు చక్రాల బండి, మా మాటలో గీరల బండి. తప్పటడుగుల పిల్లలు పట్టుకుని తోసుకుంటూ నడక నేర్చుకునే కర్ర బండి. అలాంటివి ఊళ్లో చాలా దొరుకుతాయి గాని మాది మోగుతుంది. ఒక్కో గీరకు రెండు కర్ర బిళ్లలు, మధ్యలో డొల్ల, ఆ డొల్లలో ఏడు చింతగింజలు. బండి కదిలితే గలగల. ఆ చప్పుడు మళ్లీ వినాలని పిల్ల ఇంకో అడుగు వేస్తుంది. నేనూ అలాగే నడక నేర్చుకున్నాను.

బండి పూర్తయ్యాక బాపు దాన్ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోస్తాడు. కళ్లు మూసుకుని వింటాడు. నచ్చితే ఇనుప ముద్ర కాల్చి, పిడి మీద ‘పాషా’ అని వేస్తాడు. నచ్చకపోతే గీర పగలగొడతాడు, ఎవరడ్డమొచ్చినా సరే. నెలకు నలభై బండ్లు. నడక నేర్చే పిల్లల మేనమామలు వచ్చి కొనుక్కుపోతారు. వరంగల్‌లో దీన్ని పాషా బండి అనే అంటారు.

హైదరాబాద్‌లో పిల్లల సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీకి ఒక శాంపిల్ పంపాను. అక్కడి భవాని మేడం ఫోన్ చేసి, ఆ సౌండ్ యూనిక్‌గా ఉంది అన్నది. ల్యాబ్ టెస్ట్ కూడా పాసయింది.

రేపు నా ఉద్యోగానికి రాజీనామా. మూడేళ్లు విత్తనాల కంపెనీలో లెక్కలు రాశాను. చాలు.

ఫిబ్రవరి 9

శ్రీనివాస్ సేటు దగ్గరికి వెళ్లాను. చౌరస్తాలో పిల్లల సామాన్ల దుకాణం. వాళ్ల నాన్న కాలం నుంచి మా బండ్లు అమ్మేది వాళ్లే. ఇక నుంచి నెలకు పదే ఇవ్వగలం అని చెప్పాను.

చాయ్ తెప్పించాడు. పాషా భాయ్ చెయ్యి ఒక్కటే గదా బిడ్డా, మూడు వేలకు ఎన్ని చేతులు గావాలె అన్నాడు. మెషీన్లు పెడుతున్నాం అన్నాను. మెషీన్ జేస్తది, మరి ఇనేదెవరు అన్నాడు.

కడుపుమంట అనుకున్నాను. అనుకున్నది రాసేశాను కాబట్టి కొట్టేయను.

ఫిబ్రవరి 20

మడికొండలో షెడ్డు దొరికింది. మా ఇంటికి పదింతలు. పైన రేకులు ఎంత ఎత్తులో ఉన్నాయంటే మాట్లాడితే మన మాటే మనకు తిరిగొస్తుంది.

కంపెనీకి ప్రాసెస్ షీట్ కావాలట. ఏ పని తర్వాత ఏ పనో వరసగా రాసివ్వాలి. బాపును కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగాను. పాపం, నోటితో చెప్పడం చేతకాదు. ప్రతిదానికీ చేతులు ఆడించి చూపిస్తాడు. నేను ఆ చేతుల్ని మాటల్లోకి దింపాను. పద్నాలుగు స్టెప్పులు వచ్చాయి. ఆరో స్టెప్ దగ్గర, గింజల సంగతి చెప్పు అన్నాను. గింజలు మీ అమ్మ ఇస్తది అన్నాడు.

అలా రాస్తే ఆడిటర్ నవ్విపోడూ. ‘గింజలు: 7. శుభ్రమైనవి, ఎండినవి. స్టోర్ నుంచి’ అని రాశాను.

లామినేషన్ చేయించాను. ఎంత ముచ్చటగా ఉందో.

మార్చి 3

సామాను మడికొండకు చేరింది. ఆటో కదలబోతుంటే అమ్మ ఒక నల్ల పెనం తెచ్చి లేత్ మెషీన్ పక్కన పెట్టింది. ఇనుముది, ముట్టుకుంటే చెయ్యంతా మసి. అక్కర పడ్తది తీస్కపో అన్నది. నాకు నవ్వొచ్చింది. అక్కడ షెడ్డు ఎదురుగానే మెస్ ఉంది, రొట్టెలు చేసుకోవాల్సిన పని లేదు. దించి గడప మీద పెట్టాను.

అమ్మ, హుసేన్‌బీ గారు, అంత తేలిగ్గా వదలదు. మరి అక్కడ అన్నీ ఉన్నయా అని అడిగింది. అన్నీ ఉన్నాయమ్మా, ఇన్నేళ్లు చేశావు, మోకాళ్లు అరిగిపోయాయి, నువ్విక ఏ ఫికర్ లేకుండా కూర్చుని తిను అన్నాను. మంచిదే అని పెనం లోపలికి తీసుకుపోయింది.

మనసుకు హాయిగా ఉంది. అమ్మకు విశ్రాంతి ఇవ్వాలన్నది నా చిన్నప్పటి కోరిక.

మార్చి 15, శుక్రవారం

పరకాల నుంచి చింతగింజలు దింపారు. లెక్క వేస్తే అరవై మూడు వేల గింజలు కావాలి. అన్నీ కలిపి ఒక బస్తాలో పట్టేశాయి. మొత్తం ఆర్డర్‌లో అన్నిటికంటే చవక సరుకు ఇదే.

ఇఫ్తార్ అయ్యాక ఒక గింజ నోట్లో వేసుకున్నాను. చిన్నప్పుడు అమ్మ వేయించి జేబులో పోసేది. బడిలో ఇంటర్వెల్ దాకా కటుక్కు కటుక్కు నమిలేదాన్ని. ఇది పచ్చిది. రాయిలా ఉంది. ఉమ్మేశాను.

ఏప్రిల్ 22

రంజాన్ పండగ అయింది. పని మొదలైంది. లేత్ మీద వెంకటయ్య, ఆయన కింద ఇంకో నలుగురు. గింజలు పోసి బిళ్లలు అతికించే చోట వినోద, ఆమెతో తొమ్మిది మంది ఆడవాళ్లు. వినోద చీరల దుకాణంలో పన్నెండేళ్ల ఉద్యోగం మానుకుని వచ్చింది. నేనే పిలిచాను. ఏడాదంతా పని ఉంటుందని మాటిచ్చాను.

ఏటూరునాగారం వైపు నుంచి రావలసిన కర్ర ఆలస్యమైంది. వచ్చింది పూర్తిగా ఆరలేదు. బాపు అయితే ఇంకో నెల ఎండబెట్టేవాడు. నెల ఎక్కడుంది?

మే 6

పోట్లాట.

బాపు మొదటిసారి మడికొండ వచ్చి కూర్చున్నాడు. పరీక్షకని బిగించిన బండి తోశాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకోటి తోశాడు. అలా పదహారు. ఒక్కదానికీ ముద్ర వేయలేదు. బండ్లకు సర్ది అయింది బిడ్డా, గొంతు పట్కపోయింది అన్నాడు.

నాకు తేడా ఏమీ తెలియలేదు. షెడ్డు ఎత్తు వల్ల అన్నాను. జిగురు మార్చాం కదా, దానివల్ల అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి సుత్తి తీసుకున్నాడు. గీర పగలగొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మూడు వేల బండ్లలో రోజుకు పదహారు పగలగొడితే దసరాకు మిగిలేవి కట్టెలే అన్నాను. ఆయన సుత్తి వదల్లేదు. అప్పుడు నోరు జారాను. నీకు చెవులు పోయాయి బాపూ అన్నాను. అందరి ముందూ.

వెంకటయ్య మెషీన్ ఆపేశాడు. బాపు సుత్తి నా చేతికిచ్చి బయటకు పోయి నిలబడ్డాడు.

మే 14

హన్మకొండలో చెవుల డాక్టర్‌కు చూపించాను. గాజు గదిలో కూర్చోబెట్టి చప్పుళ్లు వినిపించారు. గ్రాఫ్ ఇచ్చారు. కుడి చెవిలో సన్నటి శబ్దాలు సరిగా వినపడటం లేదట. ఏళ్ల తరబడి లేత్ పక్కన ఉన్నవాళ్లకు మామూలే అన్నాడు డాక్టర్. ఎప్పటి నుంచి అని బాపు అడిగాడు. చెప్పలేం, చాలా ఏళ్లై ఉండొచ్చు అన్నాడు.

బాపును స్కూటర్ మీద వెనక కూర్చోబెట్టుకుని మడికొండ బయల్దేరాను. కాజీపేట బ్రిడ్జి దిగాక, అయితే ఇన్నేండ్లు నేను ఇన్నది నిజం గాదా అని అడిగాడు. ట్రాఫిక్‌లో వినపడనట్టు ఊరుకున్నాను.

నిజం రాయాలి. రిపోర్ట్ చూడగానే నాకు సంతోషమే వేసింది. నేనే గెలిచాను.

మే 15

పొద్దున్న బాపు ముద్ర తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. నువ్వే ఏసుకో బిడ్డా అన్నాడు. గ్రాఫ్ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 10

రబ్బర్ రింగులు ఇవాళ రావాలి. రాలేదు.

(తర్వాత చదివితే అర్థం కావాలి కదా: అపార్ట్‌మెంట్ల టైల్స్ మీద జారకుండా, గీత పడకుండా గీరలకు రబ్బర్ రింగులు వేయాలన్నది కంపెనీ షరతు. మన దేశంలో ఆ సైజు దొరకదు. చైనా నుంచి ఓడలో చెన్నై రావాలి. బాపు బండ్లకు ఇన్నేళ్లూ రింగుల్లేవు. బండల మీదా మట్టి మీదా బాగానే నడిచాయి.)

జూన్ 24

ఓడ సింగపూర్ దగ్గర ఆగిందట. రోజూ మ్యాప్‌లో చూస్తున్నాను. నీలం చుక్క కదలదు.

జులై 2

గీరలు తొమ్మిది వేలు తయారై గోనె సంచుల్లో కూర్చున్నాయి. రింగు లేనిదే బండి బిగించలేం. పనివాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. జీతాలు ఆగవు కదా. భవాని మేడంకి చెబితే, క్రిస్‌మస్‌కి ఇంకో రెండు వేల బండ్ల ఆర్డర్ తీసుకోండి, మెషీన్లు ఖాళీగా ఉండవు అన్నది. సంతకం పెట్టాను. పక్క షెడ్డు కూడా తీసుకున్నాను. ఆగితే పడిపోతానేమోనని ఇంకా వేగంగా ఉరుకుతున్నాను. సైకిల్ తొక్కడం ఇలాగే నేర్చుకున్నాను, మోకాళ్ల మీద ఇంకా మచ్చలున్నాయి.

జులై 19

వారం నుంచి ముసురు. గోడలకు చెమ్మ. వినోద పిలిచి, సంచుల అడుగున తెల్లటి పొడి పడుతాంది, జర సూడక్కా అన్నది. కర్ర పని చేసే చోట పొడి కాక పన్నీరు ఉంటుందా అన్నాను. అందరూ నవ్వారు. వినోద కూడా నవ్వింది.

ఆగస్టు 8

శ్రీనివాస్ సేటు మనిషిని పంపాడు. నెలకు పదన్నవ్, మార్చి సంది ఒక్కటి రాలే, శ్రావణమాసంల అడుగుతాన్రు అని కబురు. రింగులు లేవని చెప్పి పంపాను. మాకు రింగులెందుకు అని మళ్లీ కబురు. జవాబు ఇవ్వలేదు. స్టాకంతా కంపెనీదే అని కాగితం మీద ఉంది.

సెప్టెంబర్ 1, ఆదివారం

రింగులు చెన్నైలో కస్టమ్స్ దాటి రైలెక్కాయని మొన్న సంబరపడ్డాను. రాత్రి వానకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రైళ్లు ఎక్కడివక్కడే.

సముద్రం దాటొచ్చిన సరుకు మా జిల్లా పొలిమేరలో ఆగింది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, మనవి రింగులైతే, అక్కడ మంది ఇండ్లు మునిగినయ్ బిడ్డా అన్నది. సిగ్గేసింది.

సెప్టెంబర్ 9

వచ్చాయి!!

సెప్టెంబర్ 21

లారీ వెళ్లింది. మూడు వేలు. పన్నెండు రోజులు రెండు షిఫ్టులు చేశాం. వినోద చేతి వేళ్లన్నీ పగిలాయి. పిడుల మీద ముద్రలన్నీ నేనే వేశాను. చెయ్యి నొప్పి పుట్టి ఆఖర్న వంకరగా పడ్డాయి.

అందరం లారీ ముందు ఫోటో దిగాం. బాపు చివర్న నిలబడ్డాడు. లారీ కదిలాక కొంచెం ముందుకు వంగాడు, ఎడమ చెవి అటు తిప్పి. మూడు వేల బండ్లు కదిలితే ఊరు మోగిపోవాలి. ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ప్యాకింగ్ బాగా కుదిరింది అన్నాను. అంతే కావచ్చు అన్నాడు.

అక్టోబర్ 3

రివ్యూలు మొదలయ్యాయి. పదకొండు మంది ఐదు స్టార్లు ఇచ్చారు. అమ్మకు చదివి వినిపించాను. మాషా అల్లా అన్నది.

అక్టోబర్ 9

ఒక్క స్టార్. ‘సౌండ్ రావడం లేదు.’

కావాలని రాసి ఉంటారు. పోటీ కంపెనీ వాళ్లు.

అక్టోబర్ 14

వీడియో.

పూణేలో ఎవరో తల్లి పెట్టింది. పది నెలల పిల్ల బండి పట్టుకుని నిలబడింది. గీర అతుకు సందులోంచి ఏదో రాలింది. పిల్ల కూర్చుని దాన్ని ఏరింది. అరచేతిలో నల్లగా, నువ్వు గింజంత పురుగు. బతికే ఉంది. పిల్ల దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోతుంటే తల్లి చెయ్యి లాగేసింది. పిల్ల ఏడ్చింది. అక్కడితో అయిపోయింది.

పిడి మీద వంకర ముద్ర. పాషా.

సాయంత్రానికి లక్షా డెబ్బై వేల మంది చూశారు. భవాని మేడం ఫోన్ ఎత్తలేదు. ఈమెయిల్ వచ్చింది. అమ్మకం ఆపేశారు. సరుకంతా వెనక్కి.

అక్టోబర్ 18, శుక్రవారం

క్రిస్‌మస్ ఆర్డర్ కోసం చేసిన గీరలు షెడ్డులో ఉన్నాయి. బాపును పిలిచాను. సుత్తి నేనే ఆయన చేతిలో పెట్టాను. మే నెలలో ఆయన నాకిచ్చేసిందే.

మొదటి గీర పగలగొట్టాడు. పిండి. అందులో ఏడు గింజల పైపెంకులు, ప్రతిదానికీ సూది మొనంత చిల్లు. రెండోది, మూడోది, పదోది. అన్నిట్లో అదే. కొన్నిట్లో పురుగులు ఇంకా పాకుతున్నాయి. పొడి గురించి చెప్పిన గదక్కా అన్నది వినోద. కోపంగా కాదు, మెల్లగా.

బాపు ఒక పెంకును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. మనయి ముప్ఫై ఏండ్ల కింది బండ్లు ఇంకా మోగుతానయ్, వీటికేం రోగమొచ్చింది అన్నాడు. గోడ మీద ప్రాసెస్ షీట్ ఉంది. పద్నాలుగు స్టెప్పులూ చదివాను. ఒక్కటీ తప్పలేదు.

పగిలిన గీర ఒకటి కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను.

అక్టోబర్ 18, రాత్రి

అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని పెంకును గోటితో గీకింది. ఏ పెనం మీద వేయించిన్రు అని అడిగింది.

ఏం వేయించడం అన్నాను.

గింజలే, అన్నది. జర సేపు సన్న మంట మీద వేయించకుంటే పురుగు పడదా, మోగుతదా అన్నది. నేను నోరు తెరిచి చూస్తుంటే ఆమెకు అర్థమైంది. పెనం పంపిస్త అంటె వద్దన్నవ్ గదనే, అక్కడ అన్నీ ఉన్నయంటివి, పెద్ద మెషీన్ల వేయిస్తాన్రు గావచ్చు అనుకున్న అన్నది. మరి నాకెందుకు చెప్పలేదమ్మా అని అరిచాను. గింజలంటే వేయించినయే గదా, పచ్చి గింజలు బండ్లెవరన్న పోస్తరా, ఇది గూడ చెప్తరా అన్నది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకూ తెలియదు. ముప్ఫై రెండేళ్లు గింజలు గిన్నెలో వచ్చాయి. ఎలా వచ్చాయో అడగలేదు.

మరి నా జేబులో పోసినవి అని అడిగాను. బండ్లకు పోయంగ మిగిలినయ్ అన్నది.

మిగిలినవి. ఇన్నేళ్లూ అమ్మ నా కోసమే వేయించేదనుకున్నాను. ఇల్లంతా ఆ వాసన వస్తుంటే పొయ్యి దగ్గర కూర్చుని ఎన్నిసార్లు చేయి చాపానో. అది తినుబండారం అనుకున్నాను. అదే పని అని తోచలేదు. గింజలు మీ అమ్మ ఇస్తది అని బాపు చెప్పాడు. అమ్మను తీసేసి ‘స్టోర్’ అని రాసింది నేను. మూడేళ్లు విత్తనాల కంపెనీలో పనిచేసిన దాన్ని. మొలకెత్తే గింజ బతికి ఉంటుందని, బతికున్న దాన్ని ఏదో ఒకటి తింటుందని నాకు వేరే చెప్పాలా.

అక్టోబర్ 19

బాపు దగ్గర కూర్చుని చెప్పాను. నీ చెవులు బాగానే ఉన్నాయి బాపూ, మే నెలలోనే నువ్వు సరిగ్గా విన్నావు, తప్పు నాది అన్నాను. కాళ్లు పట్టుకున్నాను కూడా. లేపి కూర్చోబెట్టాడు. జేబులోంచి ఆ గ్రాఫ్ తీసి చూపించి, డాక్టర్ అబద్ధం రాస్తడా బిడ్డా అన్నాడు.

మళ్లీ మడత పెట్టుకున్నాడు.

నవంబర్ 6

వెనక్కి వస్తున్నాయి. రోజూ ఒక వ్యాన్.

నవంబర్ 12

శ్రీనివాస్ సేటు ఇంటికొచ్చాడు. జనవరిలో ఇచ్చిన బండ్లు రెండు ఆయన దగ్గర మిగిలాయట. తెచ్చి వాకిట్లో పెట్టాడు. గిరాకీ వీడియో చూపించి అడుగుతాంది బిడ్డా, ఏం జెప్పాలె అన్నాడు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అని దెప్పుతాడేమో అనుకున్నాను. దెప్పలేదు. దెప్పితేనే బాగుండేది. చాయ్ తాగకుండా పోయాడు.

బండి లోపలికి తెస్తుంటే మోగింది. అమ్మ గింజలు. ఇల్లంతా వినపడింది. బాపు మాత్రం తల ఎత్తలేదు.

నవంబర్ 30

బాపు పాత లేత్ ఒక్కటి ఇంటికి తెచ్చి, మిగతా మెషీన్లు అమ్మేశాను. ఆ డబ్బు బ్యాంక్ అప్పుకు పోయింది. వెంకటయ్య పరకాలలో ఫర్నిచర్ పనికి కుదిరాడు. వినోదను చీరల దుకాణం మళ్లీ తీసుకోలేదు. ఆమె స్థానంలో వేరే అమ్మాయి ఉందట. వినోద నాకు ఫోన్ చేసి, నువ్వు మంచిగ తింటానవా అక్కా అని అడిగింది. తింటున్నానన్నాను.

డిసెంబర్ 11

వెనక్కి వచ్చిన సరుకును పూర్తిగా నాశనం చేసి, వీడియో పంపాలని కంపెనీ షరతు. రెండు వేల ఆరు వందల బండ్లు. గింజలు తీసి మళ్లీ అతికిద్దామని చూశాం. గీర పగలకుండా తెరుచుకోదు. బాపు అతుకు అలాంటిది. షీట్‌లో అది మాత్రం సరిగ్గా రాశాను.

మడికొండ షెడ్డు వెనక గుట్టగా పోసి నిప్పు పెట్టాం. నేను ఫోన్ పట్టుకుని తీస్తున్నాను. నేను రావద్దన్నా బాపు వచ్చాడు. కర్ర బాగా ఎండింది ఇప్పుడు. తొందరగా అంటుకుంది. రబ్బర్ రింగుల నుంచి నల్లటి పొగ.

కొంచెంసేపటికి చిటపటలు. పురుగు తినకుండా మిగిలిన గింజలు పేలుతున్నాయి. తర్వాత వాసన వచ్చింది. వేగిన చింతగింజల వాసన. బడి నుంచి వచ్చి చెప్పులు విడిచేటప్పుడు వచ్చే వాసన.

ఫోన్ కిందికి దించేశాను. వీడియో సరిగా రాలేదని కంపెనీ మళ్లీ అడగొచ్చు.

2025 జనవరి 1

ఏమీ లేదు.

జనవరి 19

సేటు కొడుకు శ్రీకాంత్ వచ్చాడు. వాళ్ల అక్క కొడుకు లేచి నిలబడుతున్నాడట. మేనమామను నేనే గదా, బండి తేవాలె, మా నాయిన పాషా బండే గావాలంటాండు అన్నాడు. ఒక్కటే. బాపు చెయ్యనన్నాడు. నాకు ఇనరాదు బాబూ, ఇంకో దుకాణం చూస్కో అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నేను గింజలు ఏంచుతాన, నువ్వు కర్ర తియ్యి అన్నది. అమ్మ ఆయనకు పని చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదు.

జనవరి 26

బండి అయింది. ఇంటి వెనక, పాత రేకుల కింద.

బాపు గోడ దగ్గర నిలబడి తోశాడు. కళ్లు మూసుకున్నాడు. బండి అటు గోడకు తగిలి ఆగింది. చక్కగా మోగింది. శాంపిల్ కంటే బాగా మోగింది. కళ్లు తెరిచి నా వైపు చూశాడు. మోగుతాందా బిడ్డా అని అడిగాడు.

ఆయన నన్ను అడిగాడు. ఇన్నేళ్లూ ఎవరినీ అడగని మనిషి.

మోగుతోంది బాపూ అన్నాను. నిజమేనా అని మళ్లీ అడిగాడు. అమ్మను చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. అట్లయితే ముద్ర ఎయ్యి అన్నాడు. వేశాను. వంకర పోకుండా రెండు చేతులతో పట్టుకుని వేశాను.

ఫిబ్రవరి 5

పెనం కడగవద్దన్నది అమ్మ. అలాగే ఉంచాను.

మొన్న బండికి ఇరవై ఒకటి పోయగా ఒక గింజ మిగిలింది. నా చేతిలో పెట్టింది. నమలలేకపోయాను. జేబులో వేసుకుని తిరుగుతున్నాను. మోగదు. ఒక్కటే కదా.